షాద్‌నగర్ నుంచి సీమ దాకా: ఉపగ్రహాల వెంట నాలుగు దశాబ్దాలు

తక్కువ ఎత్తు కక్ష్యలో తిరిగే ఉపగ్రహం ఏ ఊరి ఆకాశంలోనూ పట్టుమని పదిహేను నిమిషాలు నిలవదు. భూమికి 500 నుంచి 900 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో, ఇంచుమించు వంద నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. ఈలోగా భూమి తూర్పుకు 25 డిగ్రీలు జరిగిపోతుంది కనుక, కర్నూలు మీదుగా వెళ్లినది మరుచుట్టులో అరేబియా సముద్రం అవతలి ఒడ్డుకు పోతుంది. కనబడిన ఆ కాసేపట్లోనే దాన్ని పట్టుకోవాలి, అది తీసిన బొమ్మలను దించుకోవాలి. రాయలసీమ మీదుగా పోయే ఉపగ్రహాలను ఈ పద్ధతిలో కనిపెట్టుకుని ఉన్నవి ఇరుగుపొరుగు కేంద్రాలే: ఉత్తరాన షాద్‌నగర్, తూర్పున శ్రీహరికోట, నైరుతిన బెంగళూరు.

వీటిలో శ్రీహరికోట ముందుగా పనిలోకి దిగింది. 1971 అక్టోబరు 9న అక్కడ తొలి పరిశోధక రాకెట్ ఎగిరింది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద వెళ్లిన ఆర్యభట సంకేతాలను అందుకున్న మన కేంద్రమూ అదే. 1976లో ఏర్పడి, ఇప్పుడు బెంగళూరు నుంచి నడుస్తున్న ఇస్రో ట్రాకింగ్ వ్యవస్థ ఇస్ట్రాక్ ఇలాంటి ఇస్రో ట్రాకింగ్ కేంద్రాలను ఒక గొలుసుగా కలిపింది.

అయితే సీమ నేలకు సంబంధించినంతవరకు అసలు కథ షాద్‌నగర్‌ది. హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే జాతీయ రహదారి మీద ఉన్న ఈ పట్టణం దగ్గర, జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1979లో భూకేంద్రం నెలకొల్పింది. మొదట అందుకున్నవి అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలు. అందుకు ఏటా రుసుము చెల్లించేవారు. అప్పట్లో సంకేతాలను టేపుల మీదికి ఎక్కించి, ఆ టేపులను రోడ్డు మార్గాన హైదరాబాద్‌లోని బాలానగర్ కార్యాలయానికి చేర్చి, అక్కడ బొమ్మలుగా మార్చేవారు. ఆకాశం నుంచి క్షణాల్లో దిగిన సమాచారం చివరి అరవై కిలోమీటర్లకు బండెక్కాల్సి వచ్చేది!

యాంటెన్నా పని పైకి కనిపించినంత సులువు కాదు. ఉపగ్రహం ఏ నిమిషాన, ఏ దిక్కున క్షితిజం మీదికి వస్తుందో కక్ష్య లెక్కల వల్ల ముందే తెలుస్తుంది. యాంటెన్నా అటు తిరిగి కాచుకుంటుంది, సంకేతం తగలగానే దాన్నే అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఉపగ్రహం దగ్గరికి వస్తున్నప్పుడు సంకేతం పౌనఃపున్యం కాస్త పెరుగుతుంది, దూరమవుతున్నప్పుడు తగ్గుతుంది. రిసీవర్ ఆ తేడాను సరిదిద్దుకుంటూ ఉండాలి. అన్నిటికన్నా చిక్కు, ఉపగ్రహం సరిగ్గా నడినెత్తి మీదుగా వచ్చినప్పుడు. అప్పుడు సంకేతం బలంగానే ఉంటుంది. కానీ ఉత్తరానికి చూస్తున్న యాంటెన్నా రెప్పపాటులో దక్షిణానికి తిరగాలి, లేదా సంకేతం జారిపోతుంది. ఉదయం పదిన్నర ప్రాంతంలో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే ఉపగ్రహం షాద్‌నగర్ నడినెత్తిన పోయిందంటే, మరో ఇరవై సెకన్లకు అది ఇంచుమించు కర్నూలు మీద ఉంటుంది. అంటే కర్నూలును నిట్టనిలువుగా చూసిన చుట్లే ఈ యాంటెన్నాకు ఎక్కువ కష్టం.

ఈ రంగంలోకి వ్యాపారం 1980లలో దిగింది. అమెరికా 1984లో చట్టం చేసి, మరుసటి ఏడు ల్యాండ్‌శాట్ నిర్వహణను ఈయోశాట్ అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. చిత్రాల ధరలు వేల డాలర్లకు చేరాయి. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగిరిన ఐఆర్ఎస్-1ఏతో భారత్‌కు సొంత చిత్రాలు వచ్చాయి. 1995 డిసెంబరులో వెళ్లిన ఐఆర్ఎస్-1సీ 5.8 మీటర్ల వివరాన్ని చూపగలిగింది. నాటి పౌర ఉపగ్రహాల్లో అంతకు మించినది లేదు. అదే ఈయోశాట్ ఈసారి భారత చిత్రాలకు అమ్మకందారు అయింది, అమెరికాలోని నార్మన్ కేంద్రం భారత ఉపగ్రహం వెంట తన యాంటెన్నాను తిప్పింది. రుసుము కట్టి చూసిన దేశానికి పదిహేనేళ్లలో ఇది చిన్న మార్పు కాదు.

ఆ చిత్రాల్లో సీమ రూపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కడప శిలా బేసిన్ నెలవంక ఆకారంలో, నల్లమల, వెలికొండ, పాలకొండల మడతలతో తేలుతుంది. దానికి పడమరగా ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు గ్రానైట్ నేల. గ్రానైట్‌లో నీరు దొరికేది పగుళ్ల వెంటే. ఆ పగుళ్లు పై నుంచి పొడవాటి గీతల్లా కనిపిస్తాయి. 1980ల చివర తాగునీటి సాంకేతిక మిషన్ కోసం అంతరిక్ష శాఖ దేశంలోని జిల్లాలకు 1:2,50,000 స్కేలులో భూగర్భజల అవకాశాల పటాలు తయారుచేసింది. బోరు ఎక్కడ వేయాలో ఆ పటం చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. ఈ తేడా పట్టించుకోని చోట బోర్లు ఎండాయి.

2009 అక్టోబరు తొలివారంలో కథ తిరగబడింది. కరవు సీమలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులైతే 896 దాటింది. ఆకాశమంతా మబ్బు కమ్మినప్పుడు మామూలు కెమెరా ఉపగ్రహాలకు నేల కనబడదు. మబ్బును దాటి చూసేది రాడార్ ఒక్కటే. అంతకుముందు ఏడాదే జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌గా పేరు మారిన షాద్‌నగర్ కేంద్రపు ఏజెన్సీ, కెనడా వాణిజ్య ఉపగ్రహం రాడార్‌శాట్ చిత్రాలను కూడా తీసుకుని ముంపు పటాలు గీసింది. విపత్తు వేళ ఎవరి ఉపగ్రహమన్న ప్రశ్న కన్నా, అది ఎప్పుడు తల మీదికి వస్తుందన్న ప్రశ్నే ముఖ్యమైంది.

చుట్టుకోసారి ధ్రువం దగ్గరికి వచ్చే ఈ ఉపగ్రహాలు షాద్‌నగర్‌కు రోజుకు నాలుగైదు సార్లే చిక్కుతాయి. ఆ లోటు తీర్చుకోవడానికే 2013లో అంటార్కిటికాలోని భారతి స్థావరంలో మరో భూకేంద్రం వెలిసింది. శ్రీహరికోటలో 2015 నుంచి మరో రకం నిఘా నడుస్తోంది: 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తున్న రాడార్ ఒకేసారి పది వస్తువులను వెంటాడగలదు. సంకేతాలు పంపని శకలాలను కూడా ఇది పట్టుకుంటుంది.

ఈ పని ఇప్పుడు సర్కారుది మాత్రమే కాదు. హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ తయారుచేసిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు 2022 నవంబరు 26న పీఎస్ఎల్‌వీ-సీ54 మీద వెళ్లాయి. 2023 నాటి భారత అంతరిక్ష విధానం ప్రైవేటు సంస్థలకు సొంత ఉపగ్రహాలతో పాటు సొంత భూకేంద్రాలను నడుపుకొనే అనుమతినీ ఇచ్చింది.