ఫ్రీ సేల్ సర్టిఫికెట్: మందుకు క్యారెక్టర్ సర్టిఫికెట్ ఎవరిస్తారు?



ఈ వారం వ్యాసానికి విషయం మా ఖరగ్‌పూర్ మెడికల్ షాపులో దొరికింది. నాన్నకు బీపీ మాత్రలు కొంటూ స్ట్రిప్ వెనక చూశాను. తయారీ హైదరాబాద్. తాతయ్య రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన దారిలోనే మందులూ వస్తున్నాయన్నమాట అనుకున్నాను. ఇదే మాత్రను ఆఫ్రికాకో, లాటిన్ అమెరికాకో పంపితే అక్కడి ప్రభుత్వం అడిగే మొదటి ప్రశ్న: "దీన్ని మీ దేశంలో మీరు అమ్ముకుంటున్నారా?"

ఆ ప్రశ్నకు ప్రభుత్వం రాసిచ్చే జవాబే ఫ్రీ సేల్ సర్టిఫికెట్. "ఫ్రీ" అంటే ఉచితం అని పొరబడకండి. ఈ సరుకు మా మార్కెట్లో చట్టబద్ధంగా, నిషేధం లేకుండా అమ్ముడవుతోందని అర్థం. మామూలు వస్తువులకు దీన్ని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) ఇస్తుంది. మందులకైతే రాష్ట్ర ఔషధ లైసెన్సింగ్ అధికారులు ఇస్తారు.

మనందరికీ క్యారెక్టర్ సర్టిఫికెట్ తెలుసు కదా. గెజిటెడ్ అధికారి సంతకం చేస్తారు. మనల్ని నిజంగా ఎరిగిన అధికారి అయితే ఆ కాగితానికి విలువ ఉంటుంది. లేకపోతే అది సంతకం, స్టాంపు మాత్రమే. ఫ్రీ సేల్ సర్టిఫికెట్ కథ కూడా అంతే.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. ఈ కాగితం మీద సంతకం పెట్టాలంటే ముందు దేశంలో మందులను తనిఖీ చేసే చట్టం ఉండాలి. 1920లలో మనకు అలాంటి అఖిల భారత చట్టం లేదు. మలేరియాకు వాడే క్వినైన్‌లోనే కల్తీ జరిగేది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఔషధ విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పనిచేసిన ఆర్.ఎన్. చోప్రా. 1931లో నివేదిక వచ్చింది, చట్టం మాత్రం 1940లో వచ్చింది.

ఈ మధ్యలో, 1937లో, అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం కలిపిన మందు తాగి వందమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాదే అక్కడ కొత్త చట్టం వచ్చింది. ఈ రసాయనం పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత మనం కొనే దేశం నుంచి అమ్మే దేశంగా మారాం. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహాయంతో హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 1970 పేటెంట్ల చట్టం మందులకు ప్రొడక్ట్ పేటెంట్ తీసేసి ప్రాసెస్ పేటెంట్‌ను మాత్రమే ఉంచింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఎగుమతులు పెరిగేకొద్దీ ఆ కాగితం అవసరమూ పెరిగింది.

సొంత ప్రయోగశాలలు లేని పేద దేశాలు ఎవర్ని నమ్మాలి? 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక సర్టిఫికేషన్ పథకం తెచ్చింది. దాని కింద ఇచ్చే పత్రం ఇంకా వివరంగా ఉంటుంది. మందుకు సొంత దేశంలో అనుమతి ఉందా, లేకపోతే ఎందుకు లేదు, ఫ్యాక్టరీని తనిఖీ చేస్తున్నారా అన్నది చెప్పాలి.

ఇక అసలు పరీక్ష 2022లో ఎదురైంది. ఆ అక్టోబరులో గాంబియాలో పిల్లల మరణాల నేపథ్యంలో నాలుగు భారతీయ సిరప్‌లపై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. వాటిలో కనిపించింది అదే డైఇథిలీన్ గ్లైకాల్, దానితోపాటు ఇథిలీన్ గ్లైకాల్. ఇక్కడ పరీక్షించిన నమూనాలు ప్రమాణాలకు తగ్గట్టే ఉన్నాయని మన ప్రభుత్వం తర్వాత చెప్పింది. కానీ మొదట్లో అన్న మాట గమనించండి: ఈ సిరప్‌లు భారత్‌లో అమ్మలేదు, గాంబియాకే పంపారు. మనకు ఊరట కలిగించే ఆ మాటను ఒక గాంబియా తల్లి వింటే ఏమనుకుంటుంది? "మీ పిల్లలకు పట్టని మందు మా పిల్లలకు పంపారా?" అనదా?

2023 జూన్ 1 నుంచి దగ్గు సిరప్‌లను ఎగుమతికి ముందు ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్షించడం తప్పనిసరి చేశారు. మంచిదే. అయితే 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తమిళనాడులో తయారైన సిరప్, మళ్లీ అదే రసాయనం. ఎగుమతి చేశారా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగితే లేదని మన దేశం జవాబిచ్చింది. ఈసారి మందు మన మార్కెట్లో స్వేచ్ఛగా అమ్ముడైనదే!

ఇక్కడే ఈ వ్యాసం సారం ఉంది. "మా దగ్గర అమ్ముతున్నాం" అన్నది "మా దగ్గర సురక్షితం" అన్నదానికి సమానం కావాలంటే ఇంట్లో తనిఖీ గట్టిగా ఉండాలి. ఔషధాలు ఉమ్మడి జాబితాలో 19వ అంశం. తయారీ లైసెన్సులు ఎక్కువగా రాష్ట్రాల చేతుల్లో ఉన్నాయి. అందుకే ఒక రాష్ట్రంలో ఇన్‌స్పెక్టర్ వదిలేసిన లోపం మరో రాష్ట్రంలో ప్రాణం తీస్తుంది. 2003లోనే మాషెల్కర్ కమిటీ లైసెన్సింగ్‌ను కేంద్రీకరించాలని సూచించింది.

కాబట్టి జీఎస్-2లో దీన్ని కేవలం ఎగుమతి లాంఛనంగా రాయకండి. సమాఖ్య వ్యవస్థ, ప్రజారోగ్యం, దేశ ప్రతిష్ఠ మూడూ కలిసే చోటు ఇది. రేపు మనలో ఒకరు ఆ సంతకం పెట్టే శాఖలో కూర్చోవచ్చు. అప్పుడు ఫైలు మీద కాక, సీసా పట్టుకున్న తల్లి మీద దృష్టి ఉండాలి.

సాధన ప్రశ్న: "ఎగుమతి అయ్యే మందు నాణ్యత దేశీయ ఔషధ నియంత్రణకు అద్దం." చర్చించండి. (250 పదాలు) జవాబు రాసి చూసుకోండి, వచ్చే వారం కలుద్దాం.