నేపియర్ వంశావళి – కాగితాలు చెప్పిన కథ



చెన్నైలో మెరీనా తీరానికి పోయే దారిలో, కూవం నది మీద నేపియర్ వంతెన ఉంది. ఆ వంతెన దాటినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ ఫ్రాన్సిస్ నేపియర్ పేరు దానికి పెట్టారు. అప్పట్లో ఇటు గంజాం, అటు బళ్లారి, కింద సేలం, అన్నీ ఆ గవర్నరు ఏలుబడిలోనివే. ఆయన పుట్టిన వంశం స్కాట్లండులో పేరున్న భూస్వామి కుటుంబం. ఆ వంశం మూలాలను పాత దస్తావేజుల్లో వెతికితే ఏం తేలుతుందో ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఇంటిపేరు సంగతి. ఒక యుద్ధంలో ఈ వంశపు వీరుడి పరాక్రమం చూసి రాజు ‘ఇతనికి సాటి లేడు’ అన్నాడనీ, ఆ మాటే ఇంటిపేరుగా నిలిచిందనీ ఆ కుటుంబంలో ఒక కథ ఉంది. వినడానికి బాగుంది. పేర్ల పుట్టుక తెలిసినవాళ్లు మాత్రం ఇది వృత్తిని బట్టి వచ్చిన పేరంటారు. పెద్దల భోజనాల బల్ల మీద పరిచే బట్టలను చూసుకునే ఉద్యోగి పేరు అది. ఇలాంటి కథలు మన ఇళ్లలోనూ లేకపోలేదు. కథ ఇంటికి అందం. వంశావళికి మాత్రం కాగితం కావాలి.

స్కాట్లండులో ఆ కాగితానికి లోటు లేదు. పూర్వం అక్కడ భూమి చేతులు మారితే, కొన్నవాడు ఆ నేల మీదే నిలబడి గుప్పెడు మట్టి, ఒక రాయి అందుకోవాలి. మన వైపు దానమిచ్చేటప్పుడు చేతిలో నీళ్లు ధారపోసినట్టే అది. జరిగింది నోటరీ రాసి పెట్టేవాడు. 1617లో చట్టం చేసి, ఆ పత్రాలన్నిటినీ రిజిస్టరులో ఎక్కించడం మొదలుపెట్టారు. తండ్రి పోయాక కొడుకు ఊరికే హక్కుదారు కాడు. ఆ ప్రాంతపు పెద్దమనుషులు పంచాయతీగా కూర్చుని, ‘ఫలానా వాడు ఫలానా వాడికి వారసుడు’ అని తేల్చి పై కచేరీకి పంపాలి. అందువల్ల భూమి ఉన్న ఇంట ప్రతి తరానికీ ఒక సాక్ష్యం మిగిలింది. భూమి లేనివాడికి చర్చిలో రాసిన పెళ్లి, బాప్తిస్మం లెక్కలే దిక్కు. ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేయడం 1855లో గాని మొదలు కాలేదు.

ఆ దస్తావేజుల ప్రకారం, ఎడిన్‌బరో పట్టణంలో పెద్ద వర్తకుడైన అలెగ్జాండర్ నేపియర్ 1438 ప్రాంతంలో మర్చిస్టన్ అనే భూమి సంపాదించాడు. ఆ వంశంలోనే 1550లో జాన్ నేపియర్ పుట్టాడు. లెక్కల్లో లాగరిథమ్‌లు కనిపెట్టింది ఆయనే. ఆయన కొడుకు ఆర్చిబాల్డుకు 1627లో లార్డ్ బిరుదు వచ్చింది.

అసలు చిక్కు మూడో లార్డ్ దగ్గర వచ్చింది. ఆయనకు పిల్లలు లేరు. అందుకని 1677లో కొత్త రాజపత్రం రాయించుకుని, బిరుదు ఆడవాళ్ల ద్వారా కూడా దిగేటట్టు ఏర్పాటు చేశాడు. 1683లో ఆయన పోగానే బిరుదు ఒక అక్కచెల్లెలి కొడుక్కి పోయింది. అతడు చిన్నతనంలోనే చనిపోతే, అది మరో అక్కచెల్లెలు మార్గరెట్‌కు వచ్చింది. ఆమె కూతురు ఎలిజబెత్ స్కాట్ అనే ఇంటి కోడలైంది. ఆ దంపతుల కొడుకు ఫ్రాన్సిస్ అమ్మమ్మ తర్వాత లార్డ్ అయ్యాడు, నేపియర్ ఇంటిపేరు పెట్టుకున్నాడు. మన మద్రాసు గవర్నరు ఈ ఫ్రాన్సిస్‌కు మునిమనుమడి కొడుకు. అంటే తండ్రి వైపు చూస్తే ఆయన స్కాట్. తల్లుల వైపు లెక్కిస్తే లాగరిథమ్‌ల జాన్‌కు తొమ్మిదో తరం వాడు. ఆడవాళ్ల పేర్లు వదిలేసి రాసిన వంశవృక్షంలో ఈ గవర్నరుకు చోటే దొరకదు.

అదే కుటుంబానికి బారొనెట్ అనే మరో బిరుదు ఉండేది. అది మగ సంతతికే చెందేది. 1683లో అది ఆగిపోయింది. 134 ఏళ్లు గడిచాక, 1817లో మిల్లికెన్ నేపియర్ అనే దూరపు దాయాది పంచాయతీ ముందు తన వంశక్రమం రుజువు చేసుకుని ఆ బిరుదు దక్కించుకున్నాడు. పాత కాగితానికున్న బలం అది.

ఇక మనకు దగ్గర సంగతి. 1773లో చనిపోయిన ఆ ఫ్రాన్సిస్ లార్డ్‌కు తన పూర్వీకుడు జాన్ జీవితచరిత్ర రాయాలని కోరిక. హిందువుల గణితం గురించి తెలుసుకునే పనికి ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నాడు. ఆ కుర్రవాడే కాలిన్ మెకంజీ. 1783లో ఆయన సైనికోద్యోగిగా మద్రాసు చేరాడు. ఆ ప్రభువు కూతురు హెస్టర్ మదురైలో ఉంటే, ఆమె ఇంట పండితులను కలుసుకున్నాడు. అక్కడ అంటుకున్న ఆసక్తి ఆయన్ను జీవితాంతం వదల్లేదు. తర్వాత ఏలూరు వారైన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో ఊరూరా కరణాల దగ్గర కైఫీయతులు సేకరించాడు. ఎక్కడో స్కాట్లండులో ఒక ఇంటివాళ్లు తమ తాతల చరిత్ర వెతుక్కోబోతే, మన ఊళ్ల చరిత్ర నిలిచింది.

సరిహద్దు జిల్లాల్లో స్థిరపడిన మనకు ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి. మన తాతల కాగితాలు ఒక్క లిపిలో లేవు. పట్టా కన్నడంలోనో ఒడియాలోనో తమిళంలోనో ఉంటుంది, ఉత్తరం తెలుగులో ఉంటుంది. చదవడం రాదని వాటిని పారేయకండి, చదివించుకోండి. తెలిసిన తరం నుంచి వెనక్కి, ఒక్కొక్క మెట్టే నడవండి. మెట్టు మెట్టుకూ కాగితమో, బతికున్న పెద్దల మాటో ఉండాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనది కనుక, ఇద్దరు వెంకయ్యలను ఒకరని పొరబడకండి. అన్నిటికంటే ముందు అమ్మమ్మనూ నాయనమ్మనూ వాళ్ల పుట్టింటి పేరూ ఊరూ అడిగి రాసుకోండి. ఆస్తి కాగితాల్లో ఆ పేర్లు తరచు ఉండవు. ఆ పెద్దవాళ్లు వెళ్లిపోయాక చెప్పేవాళ్లూ ఉండరు.