షెడ్డులో ఏళ్లుగా ఆగిపోయిన అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

నాన్నగారి అంబాసిడర్ ఇరవై, ముప్పై ఏళ్లుగా షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉందా? కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టేద్దాం అనుకోకండి. ఇంజన్ దెబ్బతినే ప్రమాదం అక్కడే ఎక్కువ.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు ఆధారంగా పుట్టిన అంబాసిడర్‌ను హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారు చేసింది. పాత పెట్రోల్ బండ్లలో కంప్యూటర్లు ఉండవు. ఓపిక ఉంటే బాగు చేయించుకోవచ్చు.

ఇంజన్: ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయాలి. పాత ఆయిల్ తీసేసి కొత్తది నింపాలి. తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. తిరగకపోతే బలవంతం చేయొద్దు, మెకానిక్‌తో విప్పించడమే మేలు.

పెట్రోల్: నిల్వ ఉన్న పెట్రోల్ జిగురులా మారి కార్బురేటర్ రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు దించి కడిగించాలి. రబ్బరు పైపులన్నీ మార్చాలి.

బ్రేకులు: బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాంతో లోపల తుప్పు పడుతుంది, రబ్బర్లు గట్టిపడతాయి. పెడల్ బాగానే ఉన్నట్టు అనిపించినా రోడ్డు మీద చెయ్యివ్వొచ్చు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, హోజ్ పైపులు బాగు చేయించనిదే బండి కదపొద్దు. బండి కదలడం కన్నా ఆగడం ముఖ్యం.

టైర్లు, వైరింగ్: గీతలు అరగకపోయినా పాత టైర్లు పగుళ్లిస్తాయి, మార్చాల్సిందే. ఎలుకలు కొరికిన వైర్లతో షార్ట్ సర్క్యూట్ అయి మంటలు రావచ్చు. బ్యాటరీ కలిపే ముందే వైరింగ్ చూపించండి.

కాగితాలు: ఖర్చు మొదలుపెట్టక ముందే ఆర్‌సీ చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి, ఫారం 25తో రెన్యువల్ చేసుకోవాలి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000. అయితే ఆ బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. రోజూ నడపాలా, అపురూపంగా దాచుకోవాలా అన్నది ముందే ఇంట్లో తేల్చుకోండి.