బూజు మదింపు శిక్షణ (టెక్సాస్)

బూజు మదింపు శిక్షణ అనగా భవనాల లోపల పెరిగిన బూజును, దానికి కారణమైన చెమ్మను, లోపలి గాలి స్థితిని పరిశీలించి నివేదిక వ్రాయగల నిపుణులను తయారుచేసే వృత్తి శిక్షణ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సాస్‌లో ఈ వృత్తికి 2005 జనవరి 1 నుండి లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు పొందగోరేవారు రాష్ట్రం గుర్తించిన సంస్థలో నిర్ణీత గంటల తరగతులకు హాజరై, రాష్ట్ర పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది. తెలుగులో "బూజు" అనే మాటకు ఇంటి మూలల్లో వేలాడే సాలెగూళ్ళు అనే అర్థం కూడా ఉన్నది. ఈ వ్యాసంలో బూజు అనగా ఊరగాయ జాడీలోను, తడిసిన గోడమీద పెరిగే శిలీంధ్రం మాత్రమే.

పూర్వరంగం

1990 దశకం వరకు ఇంటిలోని బూజును ఎక్కువగా శుభ్రతకు సంబంధించిన విషయంగానే చూసేవారు. 1993, 1994 సంవత్సరాలలో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తులలో రక్తస్రావం జరిగింది. వారి ఇళ్ళలో కనిపించిన స్టాకీబోట్రిస్ చార్టారమ్ అనే నల్లని బూజుకు, ఈ జబ్బుకు సంబంధం ఉన్నదని అప్పటి పరిశోధకులు భావించారు. ఆ అధ్యయనంలో లోపాలున్నాయని, అటువంటి సంబంధం ఋజువు కాలేదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం (సి.డి.సి.) 2000 మార్చిలో ప్రకటించింది. అప్పటికే "విషపు నల్లబూజు" అనే మాట పత్రికలలో స్థిరపడిపోయింది. ప్రకటనకు అంత ప్రచారం లభించలేదు.

2001 జూన్‌లో టెక్సాస్ న్యాయస్థానంలో వెలువడిన ఒక తీర్పు ఈ భయాన్ని మరింత పెంచింది. ఆస్టిన్ నగరానికి సమీపంలోని డ్రిప్పింగ్ స్ప్రింగ్స్‌లో నీటి లీకు వలన పాడైన ఒక పెద్ద ఇంటి విషయంలో, బీమా సంస్థ యజమానులకు సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించాలని జ్యూరీ నిర్ణయించింది. 2002 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానం ఈ మొత్తాన్ని సుమారు 40 లక్షల డాలర్లకు తగ్గించింది. ఈ మధ్యకాలంలో రాష్ట్రమంతటా బూజుకు సంబంధించిన బీమా దావాలు వెల్లువెత్తాయి. గాలి పంపు, కెమెరా కొనుక్కున్న వారెవరైనా తాము నిపుణులమని చెప్పుకొనే వీలుండేది. బూజు ఉన్నదని తేల్చేవారే దానిని తొలగించే గుత్త కూడా తీసుకొనేవారు. ఎంత ఎక్కువ బూజు కనిపిస్తే వారికి అంత ఆదాయం. ఇంటివారికి ఆ నివేదికను నమ్మాలో వద్దో తెలిసేది కాదు.

చట్టం

టెక్సాస్ శాసనసభ 2003లో హౌస్ బిల్లు 329ని ఆమోదించింది. ఇది రాష్ట్ర వృత్తుల స్మృతిలో 1958వ అధ్యాయంగా చేరింది. మొదట రాష్ట్ర ఆరోగ్య శాఖ దీనిని అమలు చేసింది. 2017 నవంబరు 1 నుండి ఈ బాధ్యత టెక్సాస్ లైసెన్సింగ్, నియంత్రణ శాఖకు (టి.డి.ఎల్.ఆర్.) మారింది.

ఈ చట్టానికి ప్రాణమని చెప్పదగిన నియమం ఒకటి ఉన్నది. ఒకే పనిలో మదింపు, నిర్మూలన రెండూ ఒకరే చేయరాదు. ఒక వ్యక్తి రెండు లైసెన్సులూ పొందవచ్చును, కాని ఒక ఇంట్లో మదింపు చేసిన తరువాత ఆ ఇంటి నిర్మూలన పనిని స్వీకరించరాదు. ఆ పని చేసే సంస్థలో యాజమాన్య వాటా కూడా ఉండరాదు. శిక్షణలో చట్టం, వృత్తి నీతి గురించిన పాఠాలకు ఈ నియమమే ఆధారం.

బూజు ఆవరించిన భాగం ఎడతెగకుండా 25 చదరపు అడుగులకు తక్కువగా ఉంటే దానిని తొలగించడానికి లైసెన్సు అవసరం లేదు. స్వంత ఇంటిని స్వయంగా శుభ్రం చేసుకొనే యజమానికి కూడా మినహాయింపు ఉన్నది.

లైసెన్సు తరగతులు

మదింపు వైపు వ్యక్తులకు రెండు స్థాయిలున్నాయి. మొదటిది టెక్నీషియన్. హైస్కూలు చదువు, 24 గంటల శిక్షణ దీనికి అర్హత. టెక్నీషియన్ కన్సల్టెంటు ఆదేశం మేరకు పరిశీలనలు నమోదు చేసి, కొలతలు తీసుకొని, నమూనాలు సేకరిస్తాడు. నిర్మూలన ప్రణాళికను మాత్రం వ్రాయలేడు. రెండవది కన్సల్టెంటు. దీనికి 40 గంటల శిక్షణతో పాటు విజ్ఞానశాస్త్ర విషయాలలో కళాశాల చదువు, క్షేత్రానుభవం ఉండాలి. చదువు తక్కువైన వారికి అనుభవం ఎక్కువ సంవత్సరాలు కావాలి. నిర్మూలన గుత్తేదారులకు వేరుగా 40 గంటల శిక్షణ ఉన్నది. వారి వద్ద పనిచేసే కూలీలకు 4 గంటల శిక్షణ ఇచ్చి పేర్లు నమోదు చేస్తారు.

40 గంటలు అనగా సుమారు ఒక వారం. ఒక వారంలో నిపుణుడు తయారు కాడు. అందువలననే కన్సల్టెంటుకు పూర్వానుభవం తప్పనిసరి చేశారు.

శిక్షణలో నేర్పే విషయాలు

చెమ్మ

ఈ శిక్షణలో అధిక భాగం నీటి గురించే. బూజు సిద్ధబీజాలు బయటి గాలిలోను, ఇంటి గాలిలోను, ప్రతి వస్తువుపైన ఎల్లప్పుడూ ఉంటాయి. ఆహారంగా కాగితం, చెక్క, దుమ్ము ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. మనుషులకు హాయిగా ఉండే ఉష్ణోగ్రతే బూజుకూ సరిపోతుంది. వీటిలో దేనినీ ఇంటినుండి తొలగించలేము. మిగిలినది నీరు ఒక్కటే. కనుక మదింపుదారు ఇంటిలో అడుగుపెట్టగానే "ఏ జాతి బూజు" అని కాక "నీరు ఎక్కడి నుండి వచ్చింది" అని ఆలోచించడం నేర్చుకుంటాడు. తడిసిన వస్తువులను 24 నుండి 48 గంటలలో ఆరబెడితే చాలా సందర్భాలలో బూజు పుట్టదు. ఇంటి లోపలి సాపేక్ష ఆర్ద్రత 60 శాతం దాటకుండా చూడాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఇ.పి.ఎ.) సూచిస్తున్నది.

టెక్సాస్ తీరప్రాంతపు ఇళ్ళలో నీరు చేరే మార్గం ఒక్కొక్కసారి కంటికి కనిపించదు. ఉదాహరణకు హ్యూస్టన్ వేసవిలో బయటి గాలి 32 డిగ్రీల సెల్సియస్, ఆర్ద్రత 70 శాతం ఉంటే, ఆ గాలిలోని ఆవిరి సుమారు 26 డిగ్రీల వద్ద నీరుగా మారుతుంది. ఇంటిలో ఏ.సి. వలన గోడ లోపలి తలం 22 డిగ్రీలకు చల్లబడి ఉంటుంది. గోడ పగుళ్ళ గుండా చొరబడిన బయటి గాలి ఆ చల్లని తలాన్ని తాకి చెమరుస్తుంది. గదివైపు గోడకు ప్లాస్టిక్ వాల్‌పేపరు అంటించి ఉంటే ఆ తడి ఆరే దారి ఉండదు. పైకప్పు కారకపోయినా, గొట్టాలు పగలకపోయినా వాల్‌పేపరు వెనుక బూజు పరుచుకొంటుంది. గది పరిమాణానికి మించిన ఏ.సి. పెట్టినా ఇబ్బందే. అది గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీసివేసేంత సేపు నడవదు.

అక్కడి ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రానికి జిప్సం బోర్డు బిగించి కట్టినవి. బోర్డుకు ఇరువైపులా ఉండే కాగితమే బూజుకు ఆహారం. హ్యూస్టన్, డల్లాస్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారిలో ఇటుక గోడల ఇళ్ళలో పెరిగినవారు అనేకులు. సున్నం వేసిన ఇటుక గోడ మీది చెమ్మ మరకకు, జిప్సం బోర్డు మీది మరకకు తేడా ఇక్కడే ఉన్నది. బోర్డు మీద చిన్న మరక కనిపించేసరికి దాని వెనుక కాగితమంతా బూజు పట్టి ఉండవచ్చును.

పరికరాలు

గోడలోని తడిని కొలిచే మాయిశ్చర్ మీటరు, గాలి తేమను చూపే హైగ్రోమీటరు, చిన్న రంధ్రం గుండా గోడ లోపలికి చూసే బోరోస్కోపు, ఉష్ణోగ్రత భేదాలను చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ముఖ్యమైనవి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా తడిని చూపదు, చల్లదనాన్ని మాత్రమే చూపుతుంది. కనుక అనుమానం వచ్చిన చోట మాయిశ్చర్ మీటరుతో నిర్ధారించుకోవాలి. కొత్తగా చేరిన విద్యార్థులు తరచు పొరబడేది ఈ విషయంలోనే.

గాలి నమూనాలు

ఇంటివారు సాధారణంగా కోరేది గాలి పరీక్ష. శిక్షణలో ఎక్కువ జాగ్రత్త చెప్పేదీ దీని గురించే. సిద్ధబీజాలను జిగురు పలకపై పట్టే క్యాసెట్టు ద్వారా నిమిషానికి 15 లీటర్ల చొప్పున 5 నిమిషాలు గాలిని పీలిస్తే 75 లీటర్ల నమూనా వస్తుంది. ఫలితాన్ని ఘనపు మీటరుకు, అనగా 1000 లీటర్లకు లెక్కకట్టి చెబుతారు. అనగా సూక్ష్మదర్శినిలో కనిపించిన ఒక్కొక్క సిద్ధబీజం నివేదికలో సుమారు 13 అవుతుంది. నివేదికలో 130 అని ఉంటే పలకపై కనిపించినవి పది మాత్రమే. కిటికీ తెరిచినా, తివాచీ మీద నడిచినా ఈ అంకె మారిపోతుంది.

ఈ పద్ధతిలో ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం సిద్ధబీజాలను వేరుచేసి గుర్తించలేరు. స్టాకీబోట్రిస్ సిద్ధబీజాలు తడిగా ఉన్నప్పుడు జిగురుగా అతుక్కొని ఉండి గాలిలోకి సులభంగా లేవవు. కనుక అది గోడలో ఉన్నప్పటికీ గాలి నమూనాలో కనిపించకపోవచ్చును. పోల్చి చూడడానికి అదే సమయంలో బయటి గాలి నమూనా తప్పక తీయాలి. గాలిలో ఇన్ని సిద్ధబీజాలు మించరాదనే జాతీయ పరిమితి అమెరికాలో లేదు. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు చాలా సందర్భాలలో నమూనాలే అవసరం లేదని ఇ.పి.ఎ. 2001లో పాఠశాలలు, వాణిజ్య భవనాల కొరకు ప్రచురించిన మార్గదర్శిని పేర్కొన్నది. బూజు రంగును చూసి జాతిని చెప్పడం కూడా సాధ్యం కాదు.

ఆరోగ్యం

మదింపుదారు వైద్యుడు కాడు. ఇంటివారి జబ్బుకు బూజే కారణమని అతడు చెప్పరాదు. అయితే శాస్త్రజ్ఞులు ఏమి తేల్చారో తెలిసి ఉండాలి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం, చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళకు ముక్కు, గొంతు బాధలతోను, దగ్గు, పిల్లికూతలతోను, ఉబ్బసం ఉన్నవారిలో దాని లక్షణాలతోను సంబంధం ఉన్నదనుటకు తగిన ఆధారాలున్నాయి. పసిపిల్లల ఊపిరితిత్తుల రక్తస్రావం విషయంలో తగిన ఆధారాలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజులపై ప్రత్యేక మార్గదర్శకాలు ప్రచురించింది. అందులో కూడా ఇన్ని సిద్ధబీజాలనే అంకె లేదు. చెమ్మను నివారించడమే అందులోని ముఖ్య సూచన.

నివేదిక, ధ్రువపత్రం

శిక్షణ చివరి భాగం వ్రాతపని. ఏ గదిలో ఎంత మేర తొలగించాలి, ఆ గదిని మిగతా ఇంటినుండి ప్లాస్టిక్ తెరలతో ఎలా వేరుచేయాలి, పని పూర్తయిందని ఏ ఆధారంతో నిర్ణయించాలి అనే వివరాలతో కన్సల్టెంటు నిర్మూలన ప్రణాళిక వ్రాస్తాడు. చివరి అంశాన్ని పని మొదలు కాకముందే వ్రాయాలి. పని అయిన తరువాత ప్రమాణాన్ని సడలించే అవకాశం అప్పుడు ఉండదు.

గుత్తేదారు పని ముగించాక మదింపుదారు మరల పరిశీలిస్తాడు. బూజు పోయినదని తేలిన తరువాత యజమానికి బూజు నష్ట నిర్మూలన ధ్రువపత్రం ఇస్తారు; దానికి కారణమైన నీటి లోపం కూడా సరిచేయబడినదని తేలితే ఆ విషయాన్ని అందులో సూచిస్తారు. నీటి లోపం మిగిలి ఉంటే గోడ ఎంత తెల్లగా ఉన్నా పని పూర్తయినట్లు కాదు. ఇల్లు అమ్మే యజమాని గత 5 సంవత్సరాలలో జారీ అయిన ధ్రువపత్రాల నకళ్ళను కొనేవారికి ఇవ్వాలి.

లైసెన్సు, సర్టిఫికెట్ల మధ్య తేడా

లైసెన్సు ప్రభుత్వం ఇచ్చేది, అది లేనిదే పని చేయరాదు. సర్టిఫికెట్లు ప్రైవేటు సంస్థలవి. అమెరికన్ కౌన్సిల్ ఫర్ అక్రెడిటెడ్ సర్టిఫికేషన్ వంటి సంస్థలు అనుభవాన్ని, పరీక్షను ఆధారంగా తీసుకొంటాయి. ఐ.ఐ.సి.ఆర్.సి. సంస్థ 2003లో మొదటిసారి ప్రచురించిన ఎస్520 ప్రమాణం నిర్మూలన పనులలో విస్తృతంగా వాడుకలో ఉన్నది. వీటికి భిన్నంగా ఒకటి రెండు రోజుల తరగతికి హాజరైనంత మాత్రాన లభించే సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. పేరు ప్రక్కన ఉన్న అక్షరాలను చూసి ఈ తేడా గ్రహించడం సామాన్యులకు కష్టం.

ఇతర రాష్ట్రాలు

ఫ్లోరిడాలో 2007లో చేసిన చట్టం ప్రకారం మదింపుదారులకు, నిర్మూలనదారులకు వేర్వేరు లైసెన్సులున్నాయి. అక్కడ పరిమితి 10 చదరపు అడుగులు. మదింపు చేసిన భవనంలో 12 నెలల వరకు అదే వ్యక్తి నిర్మూలన పని చేయరాదు. న్యూయార్క్ రాష్ట్రంలో కార్మిక చట్టంలోని 32వ అధికరణం క్రింద 2016 జనవరి 1 నుండి ఇటువంటి నియమాలు అమలులోకి వచ్చాయి. అనేక రాష్ట్రాలలో మదింపుదారులకు లైసెన్సు అవసరం లేదు.