మోపెడ్డు బండ్లు - కొలత తప్పిన విడిభాగములు

త్రొక్కుడు బండికి చిన్న యంత్రము నమర్చుకొనవలెనను కోరిక ఐరోపాలో పాతదే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, ప్రజల చేత డబ్బును, బజారులో పెట్రోలును కొరతగా ఉన్న దినములలో అది బలపడెను. 1946లో ఫ్రాన్సునందు వెలోసోలెక్స్ బండి అమ్మకమునకు వచ్చెను. మోటారు, పెడలు అను మాటల ముక్కలను కలిపి 1952లో ఒక స్వీడను పత్రికారచయిత కల్పించిన పేరే మోపెడ్డు.

ఈ బండి మన దేశమున పాదుకొనిన చరిత్రలో తెలుగువారికి సన్నిహితమైన సంబంధము కలదు. ఫ్రెంచివారి మోటోబెకాన్ కంపెనీ సహకారముతో సువేగ బండ్లను చేసిన మోపెడ్స్ ఇండియా సంస్థ తిరుపతిలో ఉండెడిది. 1972లో పూనా నుండి లూనా వచ్చెను. 1980లో ఇద్దరు కూర్చుండదగిన టి.వి.యస్. 50 బండి, మనవారు తరతరములుగా నివసించుచున్న హోసూరునుండి వెలువడెను. పాలకేనులు, కూరగాయల గంపలు, చీరల మూటలు ఈ బండ్లమీదనే ఊరూరు తిరిగినవి. స్కూటరు కొనలేని కుటుంబమునకు ఇదియే వాహనము, ఇదియే జీవనాధారము.

కాలక్రమమున సువేగ తయారీ నిలిచిపోయెను. పెట్రోలు లూనాయు అట్లే నిలిచెను. కాని అమ్ముడైన బండ్లు తిరుగుచునే యుండెను. వానికి కావలసిన భాగములను చిన్న కార్ఖానాలు చేయ మొదలిడెను. అవి యన్నియు చెడ్డవని మేమనము. శ్రద్ధగా పనిచేసినవారి వలననే అనేక బండ్లు బ్రతికినవి. అయితే వారి నడుమ అసలు పెట్టెను పోలిన పెట్టెలో, అసలు పేరులో ఒక అక్షరము మార్చి, నాసిరకపు సరుకు నమ్మువారును చేరిరి.

టూస్ట్రోకు ఇంజనులో భాగములు కొద్ది; కనుకనే ప్రతి భాగమునకును కొలత ముఖ్యము. పిస్టను రింగు మెత్తని లోహముతో చేసినదైనచో త్వరలో అరిగి బలము తగ్గును. దాని కొనల నడుమ సందు చాలనిచో వేడికి వ్యాకోచించి ఇంజను పట్టివేయును. ఆయిలు సీలు సరిగా కూర్చుండనిచో బయటి గాలి లోనికి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను కాగిపోవును. నాలుగు డబ్బులు మిగిల్చిన భాగము ఇంజను నంతటిని విప్పించును. ఆ దినపు కూలి పోవుటయే కాక, యజమాని నింద మెకానిక్కు మీద పడును.

దీనికి మూలమేమి? వస్త్రమును చేత తడిమి, బియ్యమును నోట వేసికొని గుణము తెలిసికొనవచ్చును. రింగు గట్టిదనము కంటికి కనబడదు. నెల దినములు నడిచినగాని బయటపడదు. అందుచే కొనువాడు పేరును నమ్మును; పేరే అన్నిటికంటె సులువుగా దొంగిలింపబడును. 1841లో ఇంగ్లండునందు జోసెఫ్ విట్వర్త్ మరల చుట్లకు ఒకే కొలత ఉండవలెనని ప్రతిపాదించినది, ఎవరు చేసిన మర అయినను ఎక్కడనైనను సరిపోవలెననియే. మన దేశమున 1947లో భారత ప్రమాణముల సంస్థ ఏర్పడెను. 1987లో దాని స్థానమున నేటి బ్యూరో వచ్చెను. 1999 నాటి ట్రేడు మార్కుల చట్టము నకిలీ పేర్లను శిక్షించును. అయినను ప్రతి చిన్న భాగమునకు ప్రమాణముద్ర తప్పనిసరి కాదు.

కాబట్టి చివరి కాపలా మెకానిక్కు చేతిలోనే యున్నది. పాత రింగును, క్రొత్తరింగును సిలిండరులో నుంచి సందు చూచి, పనికిరానిదానిని త్రిప్పిపంపు మేస్త్రీలు మన ఊళ్లలో నేటికిని కలరు. వారు వృద్ధులగుచున్నారు, వారి కొలతలు ఏ పుస్తకమునను లేవు. మన కుటుంబములలో ఇట్టివారున్నచో, వారి యొద్ద కూర్చుండి ఆ కొలతలను తెలుగులో వ్రాసి యుంచుట మన సంఘములు చేయదగిన పని యని మా మనవి.