ఉద్యోగ ప్రకటనలపై క్యూఆర్ కోడ్: అది ఎలా పనిచేస్తుంది, స్కాన్ చేసేముందు ఏం చూడాలి?

దుకాణం తలుపు మీద, కర్మాగారం గేటు పక్కన, బస్టాండు గోడ మీద కనిపించే ‘పనివారు కావలెను’ ప్రకటనల కింద ఇప్పుడు ఫోన్ నంబరుకు తోడుగా నలుపు తెలుపు గడుల చతురస్రం ఒకటి చేరింది. ఫోన్ కెమెరాను దానివైపు చూపితే దరఖాస్తు పత్రం తెరపైకి వస్తుంది. ఉద్యోగం ఇచ్చేవారికి ఇది చవకైన సాధనం. వెతుక్కునేవారికి కూడా సౌకర్యమే. అయితే ఆ గడుల వెనుక ఏమున్నదో మనిషి కంటితో చదవలేడు. మోసానికి తావిచ్చేదీ అదే.

గీతల నుంచి గడుల దాకా

వస్తువుల మీద గీతల రూపంలో ఉండే బార్‌కోడ్‌కు నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు అమెరికన్లు 1952లో పేటెంటు పొందారు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్‌గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేయడంతో దుకాణాల్లో దాని వాడకం మొదలైంది. ఆ గీతలు ఒక్క దిశలోనే సమాచారాన్ని మోస్తాయి కనుక వాటిలో కొద్దిపాటి అంకెలే పడతాయి.

కార్ల విడిభాగాల లెక్కకు అది చాలలేదు. జపాన్‌కు చెందిన డెన్సో సంస్థలో ఇంజనీరు మసహిరో హారా నాయకత్వంలోని చిన్న బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను రూపొందించింది. నలుపు తెలుపు రాళ్లతో ఆడే ‘గో’ అనే పలక ఆట తనకు స్ఫూర్తినిచ్చిందని హారా చెప్పారు. అడ్డంగానూ నిలువుగానూ సమాచారం నింపడం వల్ల ఒక్క కోడ్‌లో గరిష్ఠంగా 7,089 అంకెలు పడతాయి. మూడు మూలల్లో ఉండే పెద్ద చతురస్రాల ఆధారంగా, కాగితం ఎటు తిరిగి ఉన్నా కెమెరా కోడ్‌ను గుర్తిస్తుంది. అత్యధిక రక్షణ స్థాయిలో తయారుచేసిన కోడ్ సుమారు 30 శాతం చెరిగిపోయినా చదవడానికి వీలవుతుంది.

పేటెంటు తమదే అయినా, ప్రమాణాలకు లోబడి వాడేవారిపై ఆ హక్కును ప్రయోగించబోమని సంస్థ ప్రకటించింది. 2000లో దీనికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అందుకే నేడు ఎవరైనా రుసుము చెల్లించకుండానే కోడ్ తయారుచేసుకోగలుగుతున్నారు. భారతదేశంలో యూపీఐ చెల్లింపులు విస్తరించాక కూరగాయల బండి వద్ద కూడా స్కాన్ చేయడం అలవాటైంది. ఉద్యోగ ప్రకటనలు ఆ అలవాటునే ఆసరాగా తీసుకున్నాయి.

నియామక సంస్థలు ఎందుకు వాడుతున్నాయి?

మొదటి కారణం, పొడవైన వెబ్ చిరునామాను టైపు చేయవలసిన పని తప్పడం. రెండోది, లెక్క తెలియడం. కోడ్‌లు రెండు రకాలు. స్థిరమైన కోడ్‌లో అసలు చిరునామాయే నిక్షిప్తమై ఉంటుంది. అచ్చయ్యాక దాన్ని మార్చలేం. రెండో రకంలో మధ్యవర్తి చిరునామా ఒకటి ఉంటుంది. అది చూసేవారిని అసలు పేజీకి మళ్లిస్తుంది. ఈ పద్ధతిలో గమ్యాన్ని తరువాత మార్చుకోవచ్చు, ఎందరు స్కాన్ చేశారో లెక్కించవచ్చు. కళాశాల వద్ద ఒక కోడ్, రైల్వే స్టేషన్ వద్ద మరొకటి పెడితే ఏ ప్రకటనకు స్పందన ఎక్కువో తేలుతుంది. అయితే మళ్లింపు సేవకు చందా ఆగిపోతే, గోడ మీద కోడ్ ఉన్నా పేజీ తెరుచుకోదు.

అభ్యర్థులను ఆసక్తితో రప్పించడం క్యూఆర్ కోడ్‌తో మొదలు కాలేదు. 2004లో గూగుల్ సంస్థ కాలిఫోర్నియాలో రహదారి పక్కన తన పేరు లేకుండా ఒక గణిత ప్రశ్నను హోర్డింగ్‌పై ఉంచింది. జవాబు కనుగొన్నవారికి అదే వెబ్ చిరునామా అయింది. అక్కడి నుంచి దారి ఉద్యోగ దరఖాస్తుకు చేరింది. తరువాత జర్మనీలోని హాంబర్గ్‌లో షోల్జ్ అండ్ ఫ్రెండ్స్ అనే ప్రకటనల సంస్థ పిజ్జా మీద టొమాటో సాస్‌తో క్యూఆర్ కోడ్ వేయించి, ఇతర సంస్థల్లో పనిచేసే నిపుణులకు చేరేలా చేసింది. స్కాన్ చేస్తే ఉద్యోగ సమాచారం కనిపించేది.

ఈ రెండింటిలోనూ గమనించవలసింది చమత్కారం కాదు. తమకు కావలసినవారు ఎక్కడ ఉంటారో, ఏమి చూస్తారో ఆ సంస్థలు ముందే ఆలోచించాయి. తాపీ మేస్త్రీలు కావలసినవారు కూలీల అడ్డా వద్ద ప్రకటన పెట్టాలి. నర్సులు కావలసినవారు నర్సింగ్ కళాశాల వద్ద పెట్టాలి.

మంచి ప్రకటన ఎలా ఉండాలి?

పని పేరు, స్థలం, జీతం, గడువు కాగితం మీదే స్పష్టంగా ఉండాలి. కోడ్ వాటికి అదనమే కానీ ప్రత్యామ్నాయం కాదు. చదివేవారు ఎంత దూరంలో నిలబడతారో అందులో సుమారు పదో వంతు వెడల్పు కోడ్‌కు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండు మీటర్ల దూరానికి 20 సెంటీమీటర్లు. చుట్టూ నాలుగు గడుల మేర తెల్లటి ఖాళీ వదలాలి. వేగంగా కదిలే వాహనాల మీద, వెలుతురు తళుక్కుమనే గాజు మీద స్కాన్ చేయడం కష్టం.

తెరుచుకునే దరఖాస్తు తెలుగులో, తక్కువ ధర ఫోన్‌లోనూ నింపగలిగేలా ఉండాలి. పేరు, ఊరు, అనుభవం, ఫోన్ నంబరు మొదటి దశకు చాలు. రేడియో శ్రోతలకు కోడ్ కనిపించదు. అందుకే ప్రసారమయ్యే ప్రకటనలో చిన్న చిరునామా, ఫోన్ నంబరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పాలి.

కోడ్ ఒక్కటే ద్వారం అయితే స్మార్ట్‌ఫోన్ లేనివారు, చూపు లేనివారు వడపోత మొదలు కాకముందే బయట ఉండిపోతారు. పనికి ఫోన్ నైపుణ్యం అవసరం లేనప్పుడు, దరఖాస్తుకు దాన్ని షరతు చేయడం అన్యాయం. కాగితపు దరఖాస్తు, నేరుగా వచ్చి కలిసే వీలు కొనసాగాలి.

స్కాన్ చేసేముందు

అసలు కోడ్ మీద మరో స్టిక్కర్ అంటించి మోసగించడం తేలిక. అంచు వేలికి తగులుతోందేమో చూడాలి. స్కాన్ చేయగానే ఫోన్ తెర మీద చిరునామా కనిపిస్తుంది. దాన్ని చదివాకే తెరవాలి. ప్రభుత్వ ఉద్యోగమని చెబుతూ చిరునామా చివర ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’ లేదా ‘డాట్ నిక్ డాట్ ఇన్’ లేకపోతే, ఆ శాఖ అధికారిక ప్రకటనతో సరిచూసుకోవాలి. యాప్ ఫైలును దించుకోమంటే ఆగిపోవాలి.

జీతం అడ్వాన్సు పంపుతాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే అది మోసమే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి స్కాన్ గానీ, పిన్ గానీ అవసరం లేదు. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం. రిజిస్ట్రేషన్ రుసుము అడిగే ప్రైవేటు ప్రకటనలను ఆ పోలికతో అనుమానించవచ్చు.

ఉత్తర తెలంగాణ, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి మరో జాగ్రత్త అవసరం. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు ఉందో లేదో చూడవచ్చు. కోడ్ ఎంత అందంగా అచ్చయినా, జాబితాలో పేరు లేని ఏజెంటుకు పాస్‌పోర్టు ఇవ్వకూడదు.

దరఖాస్తులో ఇచ్చే వివరాలూ విలువైనవే. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరేవారు ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలపాలని అంటోంది. ఆ సమాచారాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని కూడా చెబుతోంది. తెలుగు వాటిలో ఒకటి. తొలి దరఖాస్తులోనే బ్యాంకు ఖాతా, ఆధార్ ప్రతి, ఓటీపీ అడిగితే ఇవ్వనవసరం లేదు.

మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే, పోయిన డబ్బును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.