రెండు జీన్లు తప్పుగా అతుక్కుంటే: ఒక అరుదైన రొమ్ము క్యాన్సర్ కథ

సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో కిమ్స్ చూసే ఉంటారు. అక్కడ రొమ్ము జబ్బుల కోసమే 2007లో ఒక కేంద్రం మొదలైంది. తన తల్లికి రొమ్ము క్యాన్సర్ వచ్చాక డాక్టర్ రఘురామ్ ఆమె పేరు మీదే, ఉషాలక్ష్మి సెంటర్ అని పెట్టారు. సరిగ్గా అదే ఏడాది, ఎక్కడో బోస్టన్‌లో, ఒక అరుదైన రొమ్ము క్యాన్సర్ ఏ కణంలో మొదలవుతుందో తేలింది. ఇవాళ దాని గురించే.

రొమ్ములో గడ్డంటే వయసు మళ్లినవాళ్ల సమస్య అని మన ఇళ్లల్లో అంటుంటారు కదా. కానీ 1966లో మెక్‌డివిట్, స్టూవర్ట్ అనే పాథాలజిస్టులు దీన్ని ఏడుగురు పిల్లల్లో చూశారు. అందుకే 'జువెనైల్' అన్నారు. తర్వాత పెద్దవాళ్లలో, మగవాళ్లలో కూడా కనిపించింది, ఆ పేరు నిలవలేదు. కణాల్లో స్రావం నిండి ఉంటుంది కాబట్టి సెక్రీటరీ కార్సినోమా అయింది. ఆఫీసు సెక్రటరీ కాదండోయ్, సెక్రీషన్!

మరి కారణం? వాంకూవర్‌లో పూల్ సోరెన్సెన్ టీమ్ 1998లో పసిపిల్లలకొచ్చే ఫైబ్రోసార్కోమాలో ఒక వింత చూసింది. 12వ క్రోమోజోమ్ మీది ఈటీవీ6, 15వ దాని మీది ఎన్‌టీఆర్‌కే3 తెగిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. 2002లో రొమ్ములోని ఈ క్యాన్సర్‌లోనూ అచ్చం అదే అతుకు దొరికింది. రెండు వేర్వేరు జబ్బులు, ఒకటే బగ్!

ఎన్‌టీఆర్‌కే3 మామూలుగా బయటి నుంచి సిగ్నల్ వస్తేనే పనిచేసే స్విచ్. ఈటీవీ6 ముక్క అంటుకుంటే ఆ ప్రొటీన్లు వాటంతటవే జతకడతాయి. ఇఫ్ కండిషన్ పీకేసి వైల్ ట్రూ పెట్టినట్టు, స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే.

2007లో జె లీ, స్టూవర్ట్ ఆర్కిన్ బృందం ఇదే అతుకుని ఎలుకల్లో పెట్టి చూసింది. పాలగ్రంథి కణాలుగా మారే దారి పట్టి, ఇంకా పూర్తిగా ఎదగని ప్రొజెనిటర్ కణాల్లోనే గడ్డ మొదలైంది.

ఇదంతా మనకెందుకంటే, ఈ క్యాన్సర్ రిపోర్టులో చాలాసార్లు 'ట్రిపుల్ నెగెటివ్' అని వస్తుంది. ఆ మాట చూడగానే ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. కానీ ఇది ఎక్కువగా నెమ్మదిగా పెరిగే రకం, చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. అసలు పేరు తెలియకపోతే అనవసరంగా గట్టి కీమో పడొచ్చు.

పాకిపోయిన కొద్దిమంది కోసం లారోట్రెక్టినిబ్ ఉంది. 2018లో వచ్చిన ట్రయల్లో 17 రకాల క్యాన్సర్లున్న 55 మంది, నాలుగు నెలల పాప నుంచి 76 ఏళ్ల వయసు దాకా! 75 శాతం మందిలో గడ్డలు బాగా తగ్గాయి. ఆ నవంబరులోనే అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. ఏ అవయవంలో వచ్చిందని అడగరు, ఎన్‌టీఆర్‌కే అతుకు ఉందా లేదా అనే చూస్తారు.